ఇవాళ దుప్పట్లు ఆరవు

"ఇది కాస్త తుడిచి పెట్టు. శుక్రవారానికి కావాలి," అంటూ భర్త ఒక పాత నోటుపుస్తకాన్ని ఆమె బల్ల మీద పెట్టి, చేతికంటిన దుమ్ము చూసుకుని మొహం చిట్లించి, కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. అప్పటికి ఆమె పొయ్యి మీద పాలు పెట్టి, కొట్టు తలుపులు తీసి, ముందు గది ఊడ్చి, మళ్ళీ పాల దగ్గరికి పరిగెత్తి, పొంగకముందే దించి వచ్చి కూర్చుంది. ఆ ఇంట్లో ముందు రెండు గదులు పాత పుస్తకాల కొట్టు, వెనక రెండు గదులు సంసారం. మధ్యలో ఒక గడప. అటు వంట, ఇటు పుస్తకం. తడి చెయ్యి పుస్తకానికి తగిలితే మహాపరాధం. పుస్తకాల దుమ్ము కూరలో పడితే మాత్రం ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే ఆ సంగతి ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

తుడవడం ఆమెకి మామగారు నేర్పారు. పాత పుస్తకాల్లో జనం పెన్సిలుతో ఏదో ఒకటి గీకుతూనే ఉంటారు. చాకలికి వేసిన బట్టల జాబితా, పిల్లవాడికి జ్వరం ఎన్ని గంటలకి ఎంతుందో, ఎవరిదో పుట్టినరోజు, కథ మధ్యలో కోపమొచ్చి రాసిన "అబద్ధం" అనే ఒక్క మాట. అవన్నీ తీసేస్తే గాని పుస్తకానికి కళ రాదని మామగారి నమ్మకం. మెత్తటి రబ్బరు తీసుకోవాలి. ఒకే వైపుకి రుద్దాలి, అటూ ఇటూ రుద్దితే కాగితం లేచిపోతుంది. రాలిన పొడిని ఉఫ్‌మని ఊదకూడదు, తుంపర పడుతుంది. ఆయన పాత గడ్డం బ్రష్షుతో మెల్లగా ఊడ్చాలి. "ఇంకుతో రాసింది చరిత్ర అమ్మాయ్, పెన్సిలుతో రాసింది చెత్త. కొనేవాడికి ఈ పుస్తకం తెరిచిన మొదటివాణ్ణి నేనే అనిపించాలి," అన్నారాయన మొదటి రోజు. ఆ మాటలో ఏదో గుచ్చుకుంది. కానీ కొత్త కోడలు కదా, గుచ్చుకున్నవన్నీ పైకి తీసి చూపించే వయసు కాదు. తలూపి రబ్బరు అందుకుంది. అప్పుడామెకి ఇరవై రెండేళ్ళు. ఇప్పుడు నలభై ఎనిమిది. మామగారు పోయారు, గడ్డం బ్రష్షు మిగిలింది.

ఆ పనిలో ఆమెకి నచ్చింది ఒక్కటే. చెయ్యి తుడుస్తూ ఉంటే మనసు దాని దారిన అది వెళ్ళిపోతుంది. కిటికీలోంచి బయటపడి, ఎదురుగా ఉన్న మందుల షాపు మీదుగా, మేడల మీద ఆరేసిన బట్టల మధ్య నుంచి ఎటో తేలిపోతుంది. ఆ గంటసేపు ఆమె ఎవరి భార్యా కాదు, ఎవరి కోడలూ కాదు. అందుకే ఆమె తుడిచేది ఎప్పుడూ చదవదు. చదివితే మనసు కాగితం మీద చిక్కుకుపోతుంది. ఇరవై ఆరేళ్ళుగా కొన్ని వేల మంది రాతలు ఆమె చేతి కింద పొడై రాలిపోయాయి, ఒక్కటి కూడా ఆమెకి గుర్తులేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ కొట్టు ఆమెది. నిజంగానే, కాగితం మీద, ముద్రతో సహా. పెళ్ళినాటికి భర్త ఒక ఆఫీసులో ఉద్యోగం చేసేవాడు. ఉద్యోగస్తులు సొంతంగా వ్యాపారం చేయకూడదని అక్కడ రూలు. మామగారికి చూపు తగ్గుతోంది. కొట్టు ఎవరి పేరన పెట్టాలి? కొత్త కోడలు కళ్ళెదుటే ఉంది, ఆమె పేరు ఖాళీగా ఉంది. పెట్టేశారు. ఆరేళ్ళ తర్వాత భర్త ఉద్యోగం వదిలేసి కొట్లో కుర్చీ ఎక్కాడు గానీ, కాగితం మార్చే తీరిక ఎవరికీ దొరకలేదు. ఏటా లైసెన్సు కాగితాలు వస్తే, సంతకం పెట్టాల్సిన చోట ఆయన పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి ఇస్తాడు. ఆమె సంతకం పెట్టి, ఆ గుర్తు తుడిచి, తిరిగి ఇచ్చేస్తుంది. "మా ఆవిడే ఓనరండీ, నేను ఆవిడ దగ్గర గుమాస్తాని," అని వచ్చినవాళ్ళతో నవ్వుతాడు. వాళ్ళూ నవ్వుతారు. ఆ నవ్వుల మధ్య ఓనరు టీ కప్పులు తెచ్చి పెడుతుంది.

ఏ పుస్తకం ఏ కాలానిదో, అట్ట ఎప్పుడు మార్చారో, ఎన్ని పేజీలు పోయాయో చూసి కేటలాగులో నాలుగేసి వాక్యాలు రాసేది కూడా ఓనరే. "మీ రాతలో ఏదో ఉందండీ, మీ కేటలాగు చదవడానికే తెప్పించుకుంటాను," అని ఒక పెద్దాయన ఒకసారి భర్త చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. భర్త సిగ్గుపడినట్టు తల వంచుకుని, "ఏదో, అలవాటు," అన్నాడు. ఆమె గడప అవతల నిలబడి విని, ఉడుకుతున్న కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆ రాత్రి భోజనంలో అందరూ ఉప్పు గురించే మాట్లాడారు.

ఆ సోమవారం వచ్చిన నోటుపుస్తకం ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ళ దగ్గర పెట్టెల కొద్దీ కొన్న వాటిలో దొరికింది. నూరేళ్ళ పైమాటే. ఒక స్కూలు మాస్టారి రాతప్రతి. పదకొండేళ్ళ పాటు రోజూ పొద్దున్నే మబ్బుల్ని చూసి, ఎలా ఉన్నాయో, వర్షం పడేదీ లేనిదీ నల్లటి ఇంకుతో గుండ్రటి అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ తర్వాత దాన్నే చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. ఆ అచ్చు పుస్తకం అక్కడక్కడా దొరుకుతుంది, ఆకాశం గురించి పట్టించుకునేవాళ్ళు దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. రాతప్రతి ఒకటి ఉందని మాత్రం ఎవరికీ తెలియదు.

"ఆ కొత్త హోటలు ఓనరు ఎగిరి గంతేశాడు," అన్నాడు భర్త తువ్వాలుతో చేతులు ఒత్తుకుంటూ. "నలభై గదులట. ఒక్కో గదిలో మంచం పైన ఒక్కో పేజీ ఫ్రేము కట్టిస్తాడట. మబ్బుల గది, తెలుసా. పేజీలు నేను విడదీస్తాను, నువ్వు ముందు ఆ గీతలు తీసెయ్యి."

గీతలంటే, ఇంకు వరసల మధ్యా, పేజీ నెత్తినా సన్నగా ఉన్న పెన్సిలు రాత. ఆమె రబ్బరు తీసింది. మొదటి పేజీ. రెండు. మూడు. నాలుగు. మనసు అప్పటికే మందుల షాపు దాటి వెళ్ళిపోయింది. అయిదో పేజీలో రబ్బరు ఒక ఇంకు అక్షరం మీదుగా జారి, ఆ అక్షరం కొమ్ముని లేపుకుపోయింది.

చెయ్యి ఆగిపోయింది. అంత పాత ఇంకు రబ్బరుకి లేవదు. కాగితం లోపలికి దిగిపోయి ఉంటుంది, కత్తితో గీకినా పోదు. లేచిందంటే దాని కింద ఏదో అడ్డం ఉండి, ఇంకు కాగితానికి అంటలేదన్నమాట. ఆమె భూతద్దం పెట్టి చూసింది. ఇంకు కొమ్ము పోయిన చోట, కింద పెన్సిలు గీత. ఇంకోచోట చూసింది. అక్కడా అంతే. రెండు రాతలూ తగిలిన చోటల్లా పెన్సిలు అడుగున, ఇంకు పైన. అంటే ముందు పెన్సిలు. తర్వాతే ఇంకు. ఎవరో రాసిన దాని మీద మాస్టారు రాసుకున్నాడు.

పెళ్ళయ్యాక మొదటిసారి, తుడవాల్సిన దాన్ని ఆమె చదివింది.

"ఇవాళ దుప్పట్లు ఆరవు. పడమటి వైపు మబ్బు బరువుగా వేలాడుతోంది, ఉతికి పిండకుండా పడేసినట్టు." దాని కింది వరసలో ఇంకుతో: "పడమట దట్టమైన మేఘము. వర్షసూచన." మర్నాడు పెన్సిలుతో: "సన్నటి తెల్లటి పోగులు, దువ్వెనకి చిక్కిన జుట్టులా. చొక్కాలు మధ్యాహ్నానికే ఆరతాయి." కింద ఇంకుతో: "పలుచని పోగులవంటి మేఘములు. పొడి వాతావరణము." ఆ తర్వాత వారం: "ఆయన లేచేసరికి ఈ మబ్బు వెళ్ళిపోయింది. చెప్తే రాసుకున్నారు."

గడప అవతల అన్నం మాడు వాసన వచ్చేదాకా ఆమెకి లోకం తెలియలేదు.

ఆ రోజూ మర్నాడూ ఆమె తుడవలేదు. తుడుస్తున్నట్టు రబ్బరు చేతిలో పట్టుకుని చదివింది. మాస్టారి భార్య తెల్లారకముందే లేచి బట్టలుతికి మేడ ఎక్కేది. దండెం మీద బట్టలు వేస్తూ ఆకాశం చూసేది. ఎంతసేపట్లో వాన వస్తుందో, ఏ బట్టలు ముందు ఆరతాయో చూసుకోవడం ఆమె అవసరం. కిందికి దిగి, ఆయన లేచేలోపు, ఆయన బల్ల మీది నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసేది. ఇంకు ఆయనది కదా, ముట్టుకోకూడదు. ఆయన లేచి, టీ తాగుతూ, దాన్ని ఇంకులోకీ పెద్ద మాటల్లోకీ మార్చేవాడు. ఒకచోట వరసగా అయిదు రోజులు పెన్సిలు లేదు. అయిదు రోజులూ ఇంకుతో ఒకటే మాట: "ఆకాశము నిర్మలము." ఆరో రోజు పెన్సిలు మళ్ళీ వచ్చింది: "జ్వరం తగ్గింది. అయిదు రోజులూ కుండపోతగా వాన పడిందని పక్కింటావిడ చెప్పింది."

ఆమె ఫక్కున నవ్వింది. కొట్లో ఒక్కతే కూర్చుని నవ్వింది. కొట్లో ఉన్న అచ్చు పుస్తకం తీసి చూస్తే, అందులోనూ ఆ అయిదు రోజులూ అలాగే ఉన్నాయి. నిర్మలము, నిర్మలము, నిర్మలము. నూరేళ్ళుగా పెద్దపెద్దవాళ్ళు ఆ పేజీ చదివి, ఆ కాలంలో వానలు ఎందుకు తగ్గాయో బుర్రలు బద్దలు కొట్టుకుని ఉంటారు. ఆ ఇంటి ఇల్లాలికి జ్వరమొచ్చిందండీ, అంతే.

బుధవారం పొద్దున ఆమె మేడ మీదికి తడి దుప్పట్లు మోసుకెళ్ళింది. రోజూ వెళ్ళేదే. రోజూ తల వంచుకుని వెళ్ళి, దండెం చూసి, క్లిప్పులు పెట్టి, తల వంచుకుని దిగేది. ఆ రోజు తలెత్తింది. ఎంత ఆకాశం ఉందో. ఇన్నేళ్ళూ తన నెత్తి మీదే ఉంది, ఒక్కసారీ పిలవలేదు. ఉత్తరాన చిన్నచిన్న మబ్బు తునకలు, గచ్చు మీద ఒలికిన సున్నంలా. తడి దుప్పటి గాలికి లేచి ఆమె మొహానికి చల్లగా అంటుకుంది. ఆ తెలుపులో కళ్ళు మూసుకుంటే, దుప్పటి అవతల ఇంకెవరో నిలబడి ఉన్నట్టు, పళ్ళ మధ్య క్లిప్పు పట్టుకుని, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నట్టు అనిపించింది. "ఇవాళ ఆరతాయా?" అని ఆమె అడిగింది, పైకే. దుప్పటి ఒకసారి పొంగి దిగింది. ఆరతాయి అనుకుంది. మధ్యాహ్నానికి ఆరాయి కూడా. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియక, మడతపెట్టిన దుప్పటిని కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్న భర్తతో చెప్పింది. "ఆ పెన్సిలు రాత మాస్టారి భార్యదండీ. మబ్బుల్ని చూసింది ఆవిడే. ఆయన దాన్ని చూసి రాసుకున్నాడు."

"చూస్తే?" అన్నాడు భర్త ముద్ద కలుపుతూ. "చూడ్డం ఎవరైనా చూస్తారు. రాసింది ఆయనేగా."

"పెన్సిలుతో ముందు రాసింది ఆవిడ."

"పెన్సిలు కూడా రాతేనా?" నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, చిన్నపిల్లల మాటలకి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "నువ్వు మరీ లోతుకెళ్ళకు. నేను తుడవమన్నాను, చదవమన్లేదు. ఎన్ని పేజీలయ్యాయి?"

"నాలుగు."

"మూడు రోజులకి నాలుగా? ఏం చేస్తున్నావు రోజంతా?"

ఆ మాట ఆమెకి కొత్త కాదు. ఏం చేస్తున్నావు రోజంతా. ఇరవై ఆరేళ్ళలో ఆ ప్రశ్నకి ఆమె మనసులో ఎన్ని జవాబులు రాసుకుందో, రాసి ఎన్ని తుడుచుకుందో. ఆయన కంచంలో మజ్జిగ పోసి లేచింది.

ఆయన బయటికి వెళ్ళాక అత్తగారు కొట్టు కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ, "ఏమిటే అంత మథనపడుతున్నావు?" అని అడిగింది. డెబ్భై అయిదేళ్ళ మనిషి, అడగాల్సినవి తక్కువ అడుగుతుంది. ఆమె పక్కన కూర్చుని కాయలు అందుకుంటూ, మబ్బుల సంగతి మొత్తం చెప్పింది. జ్వరం, అయిదు రోజుల నిర్మలం కూడా చెప్పింది. అత్తగారు నవ్వలేదు. కాసేపు గింజలు వేళ్ళ మధ్య దొర్లించుకుంది.

"నీకంటే ముందు ఆ రబ్బరు నా చేతిలో ఉండేది," అంది.

ఆమెకి తెలియదు. ఎవరూ చెప్పలేదు.

"మీ మావయ్య నాకు చదువు పెద్దగా రాదనుకునేవారు. అందుకే ఇచ్చారు, చదవకుండా తుడుస్తుందని. ఒకసారి ఏదో పాటల పుస్తకం వచ్చింది. చివరి అట్ట లోపల పెన్సిలుతో ఒక్క వాక్యం. 'ఎవరూ లేనప్పుడు పాడుకున్నాను.' అంతే. పేరూ లేదు, ఊరూ లేదు. తుడిచేశాను. తుడిచేశాక పొయ్యి దగ్గరికి వెళ్ళబోయి, చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాను. ఎవరో నన్ను నమ్మి ఒక మాట చెప్తే, నేను వాళ్ళ నోరు నొక్కినట్టు."

"ఎన్నాళ్ళయిందత్తయ్యా?"

"మీ ఆయన అప్పటికింకా పుట్టలేదు." అత్తగారు గింజల గిన్నె పక్కన పెట్టింది. "ఆ మాట ఇంక ఎక్కడా లేదు, నా తలలో తప్ప. నేను పోతే అదీ పోతుంది. ఇదుగో, ఇప్పుడు నీకు చెప్పాను."

కిటికీలోంచి ఎండ వాలుగా గదిలోకి వచ్చి, బల్ల మీద తెరిచి ఉన్న నోటుపుస్తకం దాకా పాకింది. ఆమె ఊరికే అటు చూసింది. చూసి, ఉన్నచోట ఉన్నట్టే బిగుసుకుపోయింది.

గాలికి పుస్తకం మొదటి పేజీకి తిరిగి ఉంది. ఆమె తుడిచేసిన పేజీ. పైభాగం ఖాళీగా, శుభ్రంగా, మామగారు మెచ్చుకునేంత నున్నగా ఉండాలి. కానీ పక్క నుంచి పడుతున్న ఎండలో ఆ ఖాళీ మీద సన్నటి నీడలున్నాయి. పెన్సిలు పోయినా, నొక్కి రాసిన చోట కాగితం గుంట పడింది. ఎదురుగా వెలుతురు పడితే కనిపించదు, వాలుగా పడితేనే కనిపిస్తుంది. ఆమె పుస్తకం దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు కాగితం అంచుకి ఆనించి చూసింది. మిగతా రాతంతా తేలిక చేత్తో రాసిన ఆవిడ, ఈ ఒక్కచోట ములుకు విరిగేంత నొక్కి రాసింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"చూసింది నేను. రాసింది ఆయన."

పదకొండేళ్ళ మబ్బుల ముందు, మొదటి పేజీ నెత్తిన, ఆవిడ పెట్టుకున్న రెండే రెండు మాటలు. నూరేళ్ళ పాటు చెదలకి దొరక్కుండా, వానకి తడవకుండా, ఇల్లు ఖాళీ చేసేవాళ్ళ పెట్టెలో పడి కూడా బతికి, ఈ బల్ల దాకా వచ్చాయి. వచ్చిన పది నిమిషాల్లో తన చేతి కింద పోయాయి. ఎవరో మొగవాడు కాదు, మామగారు కాదు, భర్త కాదు. తనే. మనసు మేడల మీద విహరిస్తుండగా, తన కుడి చెయ్యి ఎంతో శుభ్రంగా, ఒకే వైపుకి రుద్దుతూ, ఒక ఆడదాని సాక్ష్యాన్ని గడ్డం బ్రష్షుతో ఊడ్చి చెత్తబుట్టలో వేసింది. ఆమెకి ఏడుపొచ్చింది. పుస్తకం మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చింది. ఏడుపులో కూడా ఆ జాగ్రత్త పోనందుకు ఇంకాస్త ఏడుపొచ్చింది. అత్తగారు వచ్చి వీపు మీద చెయ్యి వేసి నిలబడింది, ఎండ గోడ మీదికి ఎక్కి నీడలు మాయమయ్యేదాకా.

ఏం చేయాలో ఆమెకి అప్పుడే తెలిసింది. లైబ్రరీకి అమ్మొచ్చు కదా అని ఒక ఆలోచన రాకపోలేదు. కానీ అమ్మకం మొదలుపెడితే బేరం భర్తది, మాట భర్తది, చివరికి పుస్తకం ఎటు పోతుందో కూడా భర్త చేతిలోదే. ఆ కొట్లోంచి ఏ పుస్తకం అమ్ముడుపోయినా అది ఆయన అమ్మినట్టే. ఇచ్చేస్తే మాత్రం తను ఇచ్చినట్టు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో అన్నీ ఇస్తూనే ఉంది, దేనికీ ఇచ్చినట్టు లెక్క లేదు. ఇది ఒక్కటి లెక్కలోకి వచ్చేలా ఇవ్వాలనుకుంది.

దొంగతనంగా కాదు. గురువారం పొద్దున భర్త పేపరు చదువుతుంటే ఎదురుగా నిలబడి స్పష్టంగా చెప్పింది. "ఆ మబ్బుల పుస్తకం నేను లైబ్రరీకి ఇచ్చేస్తున్నానండీ. ఇవాళే."

"ఊఁ," అన్నాడు పేపరు దించకుండా. "ఆ నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?"

"అయింది."

"పది గంటలకి ఫ్రేములవాడి దగ్గరికెళ్ళాలి. హోటలాయన కూడా వస్తాడు."

"నేను చెప్పింది విన్నారా?"

"విన్నానోయ్. లైబ్రరీకి వెళ్ళొస్తానంటున్నావు. వెళ్ళు, ఎవరు కాదన్నారు. వంట చేసి వెళ్ళు."

ఆమె వంట చేసింది. అత్తగారికి వేడి నీళ్ళు ఫ్లాస్కులో పోసి పెట్టింది. ఆయన నీలం చొక్కా వేసుకుని వెళ్ళాక, ఆయన కుర్చీ ఎక్కి, గోడకున్న క్యాలెండరు తీసింది. దాని వెనక చిన్న అద్దాల చట్రంలో కొట్టు లైసెన్సు. చట్రం మీద ఎన్నేళ్ళదో దుమ్ము. చీర చెంగుతో తుడిచింది. ఈ తుడవడం బాగుంది అనుకుంది. లోపల తన పేరు, టైపు అక్షరాల్లో, ముద్ర కింద. నోటుపుస్తకాన్ని తెల్ల గుడ్డలో చుట్టి, చట్రంతో సహా సంచిలో పెట్టుకుంది. అత్తగారు గుమ్మం దాకా వచ్చి, "వాన వస్తుందా?" అని అడిగింది. ఆమె తలెత్తి చూసింది. తూర్పున మబ్బు పొరలు పొరలుగా ఉంది గానీ, అడుగున వెలుతురుంది. "సాయంత్రం దాకా రాదత్తయ్యా," అంది. ఆ మాట చెప్పినప్పుడు తన గొంతులో ఉన్న నమ్మకం చూసి తనకే ఆశ్చర్యమేసింది.

లైబ్రరీలో రాతప్రతుల విభాగం రెండో అంతస్తులో ఉంది. ఎత్తయిన కిటికీలు, పొడవాటి బల్లలు, అడుగుల చప్పుడు కూడా మింగేసే మెత్తటి నేల. గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. ఆ విభాగం చూసే ఆవిడకి జలుబు చేసినట్టుంది, ముక్కు తుడుచుకుంటూ, పుస్తకం వైపు మాత్రం దగ్గకుండా జాగ్రత్త పడుతూ ఒక్కో పేజీ తిప్పింది. తిప్పే కొద్దీ ఆవిడ ముక్కు సంగతి మర్చిపోయింది.

"ఇది ఇచ్చేస్తున్నారా? ఉత్తినే?"

"అవునండీ. రెండు మాటలకి ఒప్పుకుంటే. పేజీలు విడదీయకూడదు. పెన్సిలు రాత తుడవకూడదు."

"ఇక్కడికి వచ్చాక మేం దేన్నీ తుడవమండీ. టీ మరకని కూడా ఉంచుతాం." ఆవిడ సొరుగులోంచి ఒక ఫారం తీసింది. "కానీ పుస్తకం కొట్టుదంటున్నారు కదా, కొట్టు ఓనరు రావాలి. లేదంటే ఆయన దగ్గర లెటరు తేవాలి."

"ఓనర్ని నేనే."

ఆ మాట ఎంతమంది నవ్వుల మధ్య విందో. తన నోటితో ఎప్పుడూ అనలేదు. ఎవరైనా నవ్వుతారేమోనని ఒక్క క్షణం ఆగింది. లైబ్రరీ ఆవిడ నవ్వలేదు. చట్రంలోని పేరూ, ముద్రా చూసి, తలూపి, ఫారం ముందుకి జరిపింది. ఆమె సంచిలోంచి పెన్ను తీసింది.

"పెన్ను లోపల పెట్టేయండి. ఈ గదిలో పెన్నులు కుదరవు," అంది ఆవిడ, మామూలుగా, రోజుకి పదిసార్లు చెప్పే మాటలా. "ఇంకు ఒలికితే పాత కాగితం పోయినట్టే. ఎంత పెద్దవాళ్ళు వచ్చినా ఇక్కడ పెన్సిలే." అంటూ చెక్కిన పెన్సిలు ఒకటి ఇచ్చింది.

ఆమె చుట్టూ చూసింది. పొడవాటి బల్లల దగ్గర నెరిసిన గడ్డాల పండితులు, కళ్ళజోళ్ళ ప్రొఫెసర్లు, అందరి చేతుల్లోనూ పెన్సిళ్ళు. అందరూ తలలు వంచుకుని, బుద్ధిగా, పెన్సిలుతో రాసుకుంటున్నారు. మామగారు ఈ గదిలోకి వస్తే ఏమనేవారో.

దాత పేరు అన్నచోట తన పేరు రాసింది. ఎవరూ ఇంటూ గుర్తు పెట్టలేదు, ఎక్కడ రాయాలో ఆమెకే తెలిసింది. వృత్తి అన్నచోట గృహిణి అని రాయబోయిన చేతిని ఆపి, పాత పుస్తకాల వ్యాపారి అని రాసింది. చివర్న ఒక పెద్ద ఖాళీ గడి. ఈ ప్రతిని లైబ్రరీకి ఎందుకు ఇస్తున్నారు?

అక్కడ ఆగిపోయింది. హోటలు గదులూ, నలభై మంచాలూ, అయిదు రోజుల జ్వరం, ఎవరూ లేనప్పుడు పాడుకున్న మనిషి, సాయంత్రం ఇంట్లో జరగబోయే గొడవ, అన్నీ ఒక్కసారే పెన్సిలు ములుకు దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. కిటికీ బయట మబ్బు పొర ఒకటి విడిపోయి, బల్ల మీదికి వెలుతురు వాలుగా పడింది.

లైబ్రరీ ఆవిడ ఆమె తటపటాయింపు చూసి, తప్పు రాస్తానేమోనని భయపడుతోందనుకుంది కాబోలు, ఒక చిన్న రబ్బరు ముందుకి తోసింది. "తప్పు పడితే తుడుచుకోవచ్చండీ," అంది.

ఆమె ఆ రబ్బరుని వేలితో మెల్లగా అవతలికి జరిపేసింది. తర్వాత ములుకు విరిగేంత నొక్కి రాసింది.

"చూసింది ఆవిడ. తుడిచింది నేను."